ఆగ్మెంటిన్, అజిత్రోమైసిన్ ఒకే చీటీలో: కలిపి వాడొచ్చా, ఎవరికి, ఎట్లా?

ప్రశ్న — బురుజు_ఫార్మసిస్టు, కర్నూలు

అందరికీ నమస్కారం. మెడికల్ షాపు కౌంటర్‌లో ఉండే ఫార్మసిస్టుగా ఒక సందేహం తీర్చుకుందామని అడుగుతున్నా.

చదువుకునేటప్పుడు మాకు చెప్పింది ఇది: పెన్సిలిన్ జాతి మందు (ఆగ్మెంటిన్‌లోని అమాక్సిసిలిన్ ఈ జాతిదే) పెరుగుతున్న బ్యాక్టీరియానే చంపగలదు. మాక్రోలైడ్ జాతి మందు (అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటివి) ఆ పెరుగుదలనే ఆపేస్తుంది. అందుకని రెండూ కలిపితే రెండోది మొదటిదాని పనికి అడ్డుపడుతుంది. చీటీల్లో చూస్తే రెండూ పక్కపక్కనే ఉంటున్నాయి. మూడు రకాల చీటీలు రాస్తాను, దేనికది చెప్పండి.

ఒకటి: వయసు 66, షుగరు, బీపీ. ఎక్స్‌రేలో కుడివైపు కింద న్యుమోనియా మచ్చ. ఆగ్మెంటిన్ 625 రోజుకు మూడుసార్లు, అజిత్రోమైసిన్ 500 రోజుకొకటి, వాంతి వస్తే ఆన్‌డాన్‌సెట్రాన్ 4. ముందునుంచీ బీపీకి ఆమ్లోడిపిన్ 5, కొలెస్ట్రాల్‌కు అటోర్వాస్టాటిన్ 20 ఉన్నాయి.

రెండు: వయసు 22. జలుబు, గొంతునొప్పి, రెండ్రోజుల జ్వరం. అవే రెండు యాంటీబయాటిక్‌లు, మూడు రోజులకు.

మూడు: కడుపులో పుండు, దానికి కారణమయ్యే హెచ్ పైలోరి అనే క్రిమి పరీక్షలో పాజిటివ్. పాంటోప్రజోల్-డి, అమాక్సిసిలిన్ 1 గ్రాము, క్లారిత్రోమైసిన్ 500, రెండు పూటలా 14 రోజులు. ముందునుంచీ అటోర్వాస్టాటిన్ 40 వాడుతున్నారు.

రెండు మాత్రల మధ్య గంటల తేడా ఉండాలా? ఏ చీటీ దగ్గర ఆగి డాక్టరుగారికి ఫోన్ చేయాలి?

జవాబు 1 — ఛాతీ_వార్డు, కర్నూలు

తమ్ముడూ, నువ్వు చదివింది తప్పు కాదు. అయితే అది గాజుగొట్టంలో నిజం, మనిషి ఊపిరితిత్తిలో అంతగా కాదు. ఎందుకో వివరంగా చెప్తా.

బ్యాక్టీరియా చుట్టూ పెప్టిడోగ్లైకాన్ అనే గోడ ఉంటుంది. కణం పెరగాలంటే తన ఎంజైములతోనే పాత గోడను అక్కడక్కడా తెంపుకుని, కొత్త ముక్క పెట్టి మళ్లీ అతుకు వేసుకోవాలి. ఆ అతుకు వేసే ప్రోటీన్‌కు పెన్సిలిన్ పోయి అంటుకుంటుంది. తెంపడం జరుగుతూనే ఉంటుంది, అతుకు మాత్రం పడదు. లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. మాక్రోలైడ్ దారి వేరే. అది రైబోజోమ్‌లోని 50ఎస్ భాగంలో, తయారైన ప్రోటీన్ బయటికొచ్చే సొరంగంలో అడ్డంగా కూర్చుంటుంది. ప్రోటీన్ లేకపోతే పెరుగుదల లేదు, పెరుగుదల లేకపోతే గోడ తెంపుడూ లేదు. అప్పుడు పెన్సిలిన్‌కు పని తగ్గుతుంది. మీ పుస్తకంలోని మాటకు మూలం ఇదే.

దీనికి మనుషుల్లో చూపించే పాత ఉదాహరణ 1951 నాటిది. న్యుమోకాకస్ (న్యుమోనియా తెచ్చే ముఖ్యమైన క్రిమి) వల్ల మెదడు పొరల వాపు, అంటే మెనింజైటిస్, వచ్చిన రోగుల్లో పెన్సిలిన్ ఒక్కటే ఇచ్చినవాళ్లను, పెన్సిలిన్‌తో పాటు క్లోర్‌టెట్రాసైక్లిన్ కూడా ఇచ్చినవాళ్లను లెప్పర్, డౌలింగ్ అనే వైద్యులు పోల్చి చూశారు. రెండూ ఇచ్చినవాళ్లలో 79 శాతం చనిపోయారు. ఒక్క పెన్సిలిన్ వాళ్లలో మరణాలు అందులో సగం కూడా లేవు. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ఆ రెండో మందు టెట్రాసైక్లిన్ జాతిది, మాక్రోలైడ్ కాదు. ఇంకా ముఖ్యమైంది, జబ్బు ఉన్న చోటు. మెదడు చుట్టూ ఉండే నీటిలో శరీరపు సొంత కాపలా, అంటే యాంటీబాడీలు, కాంప్లిమెంటు, చాలా పలచన. చంపే పనంతా మందే చేయాలి. ఊపిరితిత్తి అట్లా కాదు. పెరుగుదల ఆగిన బ్యాక్టీరియాను తెల్లకణాలు వచ్చి మింగేస్తాయి. అందుకే మెదడు పొరల వాపులో, గుండె కవాటాల ఇన్ఫెక్షన్‌లో చంపే మందుకు అడ్డం పెట్టకూడదన్న జాగ్రత్త ఇప్పటికీ ఉంది. న్యుమోనియాలో ఆ భయం అక్కర్లేదు.

మరి న్యుమోనియాలో రెండూ ఎందుకు? రోగి వచ్చిన మొదటి గంటలో క్రిమి ఏదో ఎవరికీ తెలియదు. న్యుమోకాకస్ అయితే పెన్సిలిన్ జాతి పట్టుకుంటుంది. మైకోప్లాస్మా అయితే దానికి అసలు గోడే లేదు, గోడ మీద పనిచేసే మందు ఎంత పోసినా వృథా. లెజియోనెల్లా, క్లమిడోఫిలా మన కణాల లోపల దాక్కుంటాయి, అక్కడ పెన్సిలిన్ నిలవదు. మాక్రోలైడ్ కణాల లోపలికి పోయి అక్కడ పేరుకుంటుంది. అంటే రెండు మందులూ ఒకే క్రిమి మీద పోటీపడవు, వేర్వేరు క్రిములకు కాపలా కాస్తాయి. దీనికి తోడు మాక్రోలైడ్‌కు వాపును తగ్గించే గుణం ఉంది. న్యుమోకాకస్ వదిలే న్యుమోలైసిన్ అనే విషం తయారీని కూడా తగ్గిస్తుంది.

ఆధారాలు అన్నీ ఒకే వైపు లేవు, అదీ చెప్పాలి. 2015లో నెదర్లాండ్స్‌లో చేసిన పరీక్షలో, మామూలు వార్డులో చేరిన వాళ్లకు బీటా-లాక్టమ్ (పెన్సిలిన్, దాని దగ్గరి మందులు) ఒక్కటే ఇచ్చినా 90 రోజుల మరణాల్లో అది వెనకబడలేదు. 2014 నాటి స్విస్ పరీక్షలో ఒక్క మందు సమానమేనని తేలలేదు, ముఖ్యంగా మైకోప్లాస్మా లాంటి క్రిములున్న వాళ్లు కుదుటపడటానికి ఎక్కువ రోజులు పట్టింది. 2024లో వచ్చిన గ్రీస్ పరీక్షలో బీటా-లాక్టమ్‌కు క్లారిత్రోమైసిన్ కలిపితే మొదటి రోజుల్లో మెరుగుదల స్పష్టంగా ఎక్కువ. నా తీర్పు ఇది: ఐసీయూ స్థాయి న్యుమోనియాకు రెండూ తప్పనిసరి. వార్డులో చేరిన వాళ్లకు రెండూ ఇవ్వడమే మేలు. వేరే జబ్బుల్లేని మనిషి ఇంట్లో ఉండి వాడుకునేదానికి అమాక్సిసిలిన్ ఒక్కటే, పూర్తి మోతాదులో, 1 గ్రాము మూడు పూటలా.

ఎవరిని ఇంటికి పంపొచ్చో కొలవడానికి సీఆర్‌బీ-65 అనే మార్కుల లెక్క చాలు, రక్తపరీక్ష కూడా అక్కర్లేదు. కొత్తగా మాట తడబడటం, మతి తప్పడం. నిమిషానికి ఊపిరి 30 లేక ఎక్కువ. పై బీపీ 90 కన్నా తక్కువ, లేదా కింది బీపీ 60 లేక తక్కువ. వయసు 65 లేక పైన. ఒక్కోదానికి ఒక్క మార్కు. సున్నా అయితే ఇల్లు. 1, 2 అయితే ఆసుపత్రిలో చూపించాలి. 3 లేక 4 అయితే ఆలోచించే పని లేదు, చేర్పించాలి. ఊపిరిని పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో గుణిస్తే తప్పు వస్తుంది.

నీ మొదటి చీటీకి వయసు వల్లనే ఒక మార్కు, పైగా షుగరు. ఇట్లాంటి వాళ్లు ఇంట్లో ఉండి వాడినా, 2019 అమెరికన్ మార్గదర్శకాల ప్రకారం అమాక్సిసిలిన్-క్లావులానేట్‌తో (ఆగ్మెంటిన్ అంటే ఇదే) పాటు మాక్రోలైడో డాక్సీసైక్లినో చేర్చడం సబబే. 625 మూడు పూటలా, అజిత్రోమైసిన్ మొదటి రోజు 500, తర్వాత నాలుగు రోజులు 250. రోజుకు 500 చొప్పున మూడు రోజులు ఇచ్చే పద్ధతీ ఉంది. అజిత్రోమైసిన్ ఒంట్లో సగం తగ్గడానికే 68 గంటలు పడుతుంది, మూడు రోజులకు ఆపినా కణాల్లో పనిచేస్తూనే ఉంటుంది. అమాక్సిసిలిన్ అట్లా కాదు, ఒక గంటలో సగం పోతుంది. అందుకే దాన్ని ఒక పూట కూడా ఎగ్గొట్టకూడదు. మొత్తం కనీసం 5 రోజులు. 48 నుంచి 72 గంటల్లో జ్వరం దిగకపోతే మందు మార్చడం కన్నా ముందు మళ్లీ ఎక్స్‌రే, ఛాతీలో నీరు చేరిందేమో చూడటం, కఫం పరీక్ష.

కఫం అంటే ఇంకో మాట. బేతంచెర్ల, కడప బండల పాలిష్ పనిలో ఉన్నవాళ్లకు రాతిధూళితో ఊపిరితిత్తులు దెబ్బతిని క్షయ వచ్చే ముప్పు ఎక్కువ. రెండు వారాలు దాటిన దగ్గుకు ఈ జంట మందులు మళ్లీ మళ్లీ ఇస్తూ పోకుండా, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా చేసే కఫం పరీక్షకు పంపాలి.

జవాబు 2 — పిల్లల_వైద్యం, అనంతపురం

రెండో చీటీకి నేను చెప్తా. జలుబు, ముక్కు కారడం, దగ్గు ఉన్న గొంతునొప్పి దాదాపుగా వైరస్‌దే. దానికి రెండు కాదు, ఒక్క యాంటీబయాటిక్ కూడా వద్దు. పారాసిటమాల్, ఉప్పునీటి పుక్కిలింత, నీళ్లు.

స్ట్రెప్టోకాకస్ గొంతునొప్పి అని అనుమానించాలంటే జ్వరం ఉండాలి, దగ్గు ఉండకూడదు, టాన్సిల్ మీద చీము పొర, మెడ ముందువైపు నొక్కితే నొప్పి పుట్టే గడ్డలు ఉండాలి. అప్పుడైనా ఒక్క అమాక్సిసిలిన్ చాలు. ఈ స్ట్రెప్టోకాకస్ ఇన్ని దశాబ్దాలైనా పెన్సిలిన్‌కు లొంగకుండా పోలేదు. మాక్రోలైడ్‌కు మాత్రం లొంగనివి ఉన్నాయి. గట్టి మందు పక్కన వట్టిపోయే మందు చేర్చి లాభమేంటి? రోజులు కూడా 3 కాదు, 10. గుండె కవాటాలు దెబ్బతినే రుమాటిక్ జ్వరం రాకుండా ఆపేది ఆ 10 రోజులే. పెన్సిలిన్ నిజంగా పడనివాళ్లకు అజిత్రోమైసిన్ 5 రోజులు. ఇక్కడ ఇదో అదో కానీ, రెండూ కాదు.

ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. ఆ వయసు పిల్లల్లో గొంతునొప్పి, మెడ నిండా గడ్డలు, విపరీతమైన నీరసం ఉంటే అది ఎప్‌స్టైన్-బార్ వైరస్ కావచ్చు. అందులో అమాక్సిసిలిన్ వేస్తే ఒళ్లంతా ఎర్రటి దద్దు లేస్తుంది. దాన్ని పెన్సిలిన్ ఎలర్జీ అని రాసేస్తే ఆ మనిషికి జీవితాంతం మంచి మందు దూరమవుతుంది.

పిల్లల న్యుమోనియాలోనూ సూత్రం పెద్దవాళ్లలాగే. అయిదేళ్ల లోపు అమాక్సిసిలిన్ ఒక్కటే, కిలోకు రోజుకు 80 నుంచి 90 మి.గ్రా., రెండు భాగాలుగా. బడికి పోయే వయసులో మైకోప్లాస్మా అనుమానం ఉంటేనే అజిత్రోమైసిన్ చేర్చడం: మొదటి రోజు కిలోకు 10 మి.గ్రా., తర్వాత నాలుగు రోజులు 5 మి.గ్రా. ఆరు వారాల లోపు పసిబిడ్డకు మాక్రోలైడ్ ఇస్తే కడుపు చివరి ద్వారం బిగుసుకుపోయి ప్రతి పాలకూ ఎగజిమ్మే వాంతి వచ్చే ముప్పు ఉంది. ఆ వయసులో డాక్టరు స్వయంగా తేల్చుకుని రాస్తే తప్ప ఇవ్వొద్దు.

జవాబు 3 — క్లినికల్_ఫార్మా, అనంతపురం

అన్నా, నువ్వడిగిన "ఏ చీటీ దగ్గర ఆగాలి" అన్నదానికి వద్దాం. ఈ రెండు మందులు ఒకదానితో ఒకటి కొట్లాడవు, మధ్యలో గంటల తేడా అక్కర్లేదు. గొడవంతా రోగి ముందునుంచీ మింగుతున్న మాత్రలతో.

మొదట, మాక్రోలైడ్‌లన్నీ ఒకటి కావు. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ కాలేయంలోని సీవైపీ3ఏ4 అనే ఎంజైమును గట్టిగా బిగించేస్తాయి. ఆ ఎంజైము కరిగించాల్సిన మందులు రక్తంలో పేరుకుపోతాయి. అజిత్రోమైసిన్ దాని జోలికి పెద్దగా పోదు. కాబట్టి మొదటి చీటీలో అటోర్వాస్టాటిన్ 20, ఆమ్లోడిపిన్ 5 ఉన్నా అజిత్రోమైసిన్‌తో చిక్కు తక్కువ. అదే చీటీలో క్లారిత్రోమైసిన్ ఉంటే కథ వేరు. పెద్దవయసు వాళ్లలో ఆమ్లోడిపిన్ స్థాయి పెరిగి బీపీ పడిపోవడం, కిడ్నీ దెబ్బతినడం తెలిసిన ప్రమాదమే.

మూడో చీటీ దగ్గర కచ్చితంగా ఫోన్ చేయాలి, ఒకటి కాదు రెండు కారణాలకు. క్లారిత్రోమైసిన్‌తో పాటు అటోర్వాస్టాటిన్ 20 దాటకూడదు, ఈయనది 40. కండరాలు కరిగి మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చేదాకా పోవచ్చు. ఆ 14 రోజులు స్టాటిన్ ఆపమంటారా, లేక రోసువాస్టాటిన్‌కు మార్చమంటారా అని అడగాలి. సింవాస్టాటిన్ అయితే క్లారిత్రోమైసిన్‌తో అసలే కుదరదు. రెండో కారణం ఆ "డి". పాంటోప్రజోల్-డి అంటే లోపల వాంతి ఆపే డోంపెరిడోన్ ఉంది. క్లారిత్రోమైసిన్ దాని స్థాయిని పెంచుతుంది, పైగా రెండూ ఈసీజీలో క్యూటీ విరామాన్ని (గుండె ఒక్కోసారి కొట్టుకుని మళ్లీ సిద్ధమయ్యే సమయం) సాగదీస్తాయి, అది మరీ సాగితే గుండె లయ తప్పొచ్చు. ఉత్త పాంటోప్రజోల్‌కు మార్చమని అడగండి. చీటీలో అతి చిన్నగా కనిపించే ఆ ఒక్క అక్షరం మీదే నా కన్ను ముందు పడుతుంది.

క్యూటీ సంగతి అజిత్రోమైసిన్‌కూ ఉంది. 2013 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీనిపై హెచ్చరిక ఇచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ముప్పు చాలా తక్కువ. అమియోడరోన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, హాలోపెరిడాల్, లీవోఫ్లాక్సాసిన్, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటివి తోడైనప్పుడు, లేదా వాంతులు విరేచనాలతో, మూత్రం ఎక్కువ పోయించే ఫ్రూసమైడ్‌తో పొటాషియం పడిపోయినప్పుడు ముప్పు పెరుగుతుంది. మొదటి చీటీలో ఆన్‌డాన్‌సెట్రాన్ ఉంది కదా. 66 ఏళ్లు, షుగరు. "ఈసీజీ ఉందా సార్" అని ఒక్క మాట అడగడంలో తప్పేం లేదు. క్యూటీసీ (గుండె వేగానికి సరిచేసిన క్యూటీ లెక్క) 500 మిల్లీసెకన్లు దాటితే మాక్రోలైడ్ వదిలేసి, దాని చోట డాక్సీసైక్లిన్ 100 రెండు పూటలా పెట్టే దారి డాక్టరుకు ఉంది.

ఇంకా ఆగాల్సినవి: గౌట్‌కు కాల్చిసిన్ వాడేవాళ్లకు క్లారిత్రోమైసిన్ చేరితే ప్రాణం మీదికి వస్తుంది, కిడ్నీ బాగోలేకపోతే మరీ. ఉబ్బసానికి డెరిఫిల్లిన్ వాడేవాళ్లలో థియోఫిల్లిన్ పెరిగి గుండెదడ, వణుకు, మూర్ఛ. మూర్ఛకు కార్బమాజెపైన్ వాడేవాళ్లలో తూలడం, చూపు రెండుగా కనిపించడం. డిగాక్సిన్ స్థాయి కూడా పెరుగుతుంది. రక్తం పలచబరిచే వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాళ్లకు ఈ రెండు జాతుల్లో ఏది ఇచ్చినా మూడు నుంచి అయిదు రోజుల్లో ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచనైందో చూపే పరీక్ష) చూడమనాలి. అమాక్సిసిలిన్ వైపు నుంచి చూస్తే కీళ్లవాతం లాంటివాటికి వాడే మెథోట్రెక్సేట్ ముఖ్యం. కిడ్నీ దాన్ని బయటికి పంపకుండా అమాక్సిసిలిన్ అడ్డుపడుతుంది, నోట్లో పుండ్లు, రక్తకణాలు పడిపోవడం. కండరాల బలహీనత జబ్బు మయస్తీనియా ఉన్నవాళ్లకు మాక్రోలైడ్ ఇవ్వకూడదు.

మింగే పద్ధతి. 625 మాత్ర అన్నం లేదా సంకటి మొదటి ముద్దతో. కడుపు తిప్పడం తగ్గుతుంది, క్లావులానేట్ బాగా ఒంటబడుతుంది. పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10 అని టైము రాసిస్తే ఎనిమిది గంటల ఎడం సరిగ్గా కుదురుతుంది. ఊరికే "మూడు పూటలా" అంటే టిఫినుకు, భోజనానికి దగ్గర దగ్గరగా వేసి రాత్రంతా ఖాళీ వదిలేస్తారు. అజిత్రోమైసిన్ రోజూ ఒకే టైముకు, తిండితో సంబంధం లేకుండా. గ్యాస్‌కు తాగే అల్యూమినియం, మెగ్నీషియం సిరప్ ఉంటే దానికీ దీనికీ రెండు గంటలు ఎడం పెట్టాలి.

జవాబు 4 — వార్డు_సిస్టర్, కడప

నరానికి ఎక్కించేటప్పటి జాగ్రత్తలు ఎవరూ రాయలేదు, రాస్తున్నా.

అజిత్రోమైసిన్ 500 వయల్‌లో 4.8 మి.లీ. స్టెరైల్ వాటర్ వేసి, పొడి పూర్తిగా కరిగేదాకా ఊపాలి. అప్పుడది మి.లీ.కు 100 మి.గ్రా. ఆ 5 మి.లీ. తీసి 250 మి.లీ. సెలైన్‌లో కలిపితే గంట సేపు ఎక్కించాలి. 500 మి.లీ.లో కలిపితే మూడు గంటలు. సిరంజితో ఒక్కసారి నెట్టకూడదు, కండకు వేయకూడదు. 100 మి.లీ. సీసాలో కలిపేస్తే గాఢత ఎక్కువై నరం మండుతుంది, చెయ్యి ఎర్రగా గట్టిపడుతుంది. రోగి "మంటమ్మా" అంటే ముందు సీసా ఎంతదో చూడండి.

అమాక్సిసిలిన్-క్లావులానేట్ 1.2 గ్రాముల వయల్‌కు 20 మి.లీ. స్టెరైల్ వాటర్. నెమ్మదిగా 3, 4 నిమిషాల్లో ఇవ్వాలి, లేదా 100 మి.లీ. సెలైన్‌లో కలిపి 30, 40 నిమిషాల్లో. ఎనిమిది గంటలకొకసారి. కలిపిన 20 నిమిషాల్లోపు మొదలుపెట్టాలి. పొద్దున్నే అన్ని మంచాలకూ కలిపి ట్రేలో పెట్టుకోవడం ఈ మందుకు పనికిరాదు. డెక్స్‌ట్రోజ్‌లో కలపొద్దు, త్వరగా పాడైపోతుంది.

రెండింటినీ ఒకే సీసాలో కలపకూడదు. ఒకటి అయ్యాక గొట్టాన్ని 10 మి.లీ. సెలైన్‌తో కడిగి రెండోది పెట్టాలి. పెన్సిలిన్ బదులు సెఫ్‌ట్రియాక్సోన్ ఉంటే రింగర్ లాక్టేట్ నడుస్తున్న గొట్టంలోకి వేయొద్దు, కాల్షియంతో గడ్డకడుతుంది.

చర్మం కింద టెస్ట్ డోసు వేసి ఏమీ రాలేదని నిశ్చింతగా ఉండొద్దు. "ఇంతకుముందు ఈ మందుకు దద్దులు, ఆయాసం, ముఖం వాపు వచ్చిందా" అని అడగడమే అసలు పరీక్ష. మొదటి డోసు తర్వాత అరగంట మంచం దగ్గర కన్ను ఉంచాలి. ట్రేలో అడ్రినలిన్ ఉండాలి. 1:1000 బలంది 0.5 మి.లీ. పెద్దవాళ్లకు తొడ పక్క కండలో.

బురుజు_ఫార్మసిస్టు

అందరికీ చాలా థాంక్స్. మూడో చీటీలో అసలు ఆ జంట అవసరమా? పైగా కొంతమంది 7 రోజులకే కిట్ కొని ఆపేస్తామంటున్నారు.

జవాబు 5 — పొట్ట_వైద్యం, కర్నూలు

కడుపులోని హెచ్ పైలోరి మీద ఒక్క మందుతో పని జరగదు, అందుకే జంట. ఆమ్లం ఎక్కువగా ఉంటే ఈ క్రిమి పెరగకుండా ముడుచుకుని ఉంటుంది. పెరగనిదాన్ని అమాక్సిసిలిన్ చంపలేదు. పాంటోప్రజోల్ లాంటిది ఆమ్లాన్ని తగ్గిస్తే క్రిమి పెరగడం మొదలుపెడుతుంది, అప్పుడు అమాక్సిసిలిన్‌కు దొరుకుతుంది. చూశారా, మీ ప్రశ్నలోని సూత్రమే ఇక్కడ మనకు ఉపయోగపడుతోంది. అందుకే ఆ మాత్ర తిండికి అరగంట ముందు పడాలి, అన్నం తిన్నాక వేస్తే సగం పని పోతుంది.

7 రోజులు చాలవు, 14 పూర్తి చేయాలి. నోట్లో లోహం లాంటి చేదు క్లారిత్రోమైసిన్ వల్ల. ముందే చెప్తే భయపడి ఆపేయరు. పొగ తాగితే ఫలితం తగ్గుతుంది.

అయితే ఈ జంట మీద ఇప్పుడు నమ్మకం తగ్గింది. క్లారిత్రోమైసిన్‌కు లొంగని హెచ్ పైలోరి 15 శాతం దాటిన చోట దీన్ని మొదటి మందుగా పెట్టొద్దని మార్గదర్శకాలు చెప్తున్నాయి. 2024 అమెరికన్ గ్యాస్ట్రో మార్గదర్శకం అయితే లొంగుతుందని పరీక్షలో తేలితే తప్ప వాడొద్దు, బిస్మత్‌తో నాలుగు మందుల కోర్సు 14 రోజులు ఇవ్వమంది. ప్రతి దగ్గుకూ అజిత్రోమైసిన్ మింగిన ఒంట్లో క్లారిత్రోమైసిన్ కూడా ఓడిపోతుంది, రెండూ ఒకే జాతివి. కాబట్టి "గతంలో అజిత్రోమైసిన్ ఎన్నిసార్లు వాడారు" అని అడిగి ఆ జవాబు డాక్టరుగారికి చేరవేయండి. ఒకసారి ఈ కోర్సు విఫలమైతే క్లారిత్రోమైసిన్‌ను మళ్లీ ముట్టుకోకూడదు. పోయిందో లేదో కోర్సు అయిన నాలుగు వారాల తర్వాత శ్వాస పరీక్షతోనో మలం పరీక్షతోనో చూడాలి. దానికి ముందు రెండు వారాలు పాంటోప్రజోల్ ఆపాలి, లేకపోతే క్రిమి ఉన్నా లేనట్టు చూపిస్తుంది.

జవాబు 6 — ప్రసూతి_విభాగం, కడప

ఈ జంట న్యాయంగా వాడే ఇంకో చోటు ఉంది. నెలలు నిండకముందే, 34 వారాల లోపు, నొప్పులు లేకుండా ఉమ్మనీరు పోయినప్పుడు. ఆంపిసిలిన్ 2 గ్రాములు నరానికి ఆరు గంటలకొకసారి, దాంతోపాటు ఎరిత్రోమైసిన్, 48 గంటలు. తర్వాత నోటిద్వారా అమాక్సిసిలిన్, ఎరిత్రోమైసిన్ 5 రోజులు. మొత్తం 7 రోజులు. బిడ్డ కొన్నాళ్లు ఎక్కువ కడుపులో నిలుస్తుంది. ఎరిత్రోమైసిన్ బదులు అజిత్రోమైసిన్ 1 గ్రాము ఒక్కసారి ఇవ్వడమూ ఉంది.

ఇక్కడ అమాక్సిసిలిన్ బదులు ఆగ్మెంటిన్ పెట్టకూడదు. 2001లో వచ్చిన ఆరకిల్ పరీక్షలో క్లావులానేట్ ఉన్న మందు పడిన తల్లుల బిడ్డలకు పేగు కుళ్లే జబ్బు ఎక్కువగా వచ్చింది. "అదీ ఇదీ ఒకటే కదా" అని కౌంటర్‌లో మార్చి ఇస్తే నష్టం బిడ్డకు.

జవాబు 7 — పిల్లల_వైద్యం, అనంతపురం

ఒక్కటి మరిచాను. వానలు పడిన తర్వాతి నెలల్లో అయిదారు రోజుల జ్వరం ఆగ్మెంటిన్‌కు కదలకపోతే స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) గుర్తుకు రావాలి. ఆ క్రిమి కణాల లోపల ఉంటుంది, పెన్సిలిన్ జాతి దాన్ని తాకలేదు. చంకలో, గజ్జల్లో, మొలతాడు కింద, రొమ్ముల కింద సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో బట్టలు తీయించి చూడాలి. నొప్పి ఉండదు కాబట్టి రోగి చెప్పడు. దానికి డాక్సీసైక్లిన్ లేదా అజిత్రోమైసిన్. వేలూరు సీఎంసీ ముందుండి నడిపిన, 2023లో వచ్చిన పరీక్షలో, తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌కు ఆ రెండూ కలిపి నరానికి ఇస్తే ఒక్కోదానికన్నా మేలని తేలింది. అంటే మాక్రోలైడ్‌కు సరైన తోడు ప్రతిసారీ పెన్సిలిన్ కాదు.

బురుజు_ఫార్మసిస్టు

చివరి రెండు. 625 స్టాకు లేనప్పుడు 375 రెండు ఇవ్వొచ్చా? సిరప్‌లు మన ఎండల్లో ఎట్లా నిలవుంచమని చెప్పాలి?

జవాబు 8 — క్లినికల్_ఫార్మా, అనంతపురం

ఇవ్వకూడదన్నా. 625లో అమాక్సిసిలిన్ 500, క్లావులానేట్ 125. 375లో అమాక్సిసిలిన్ 250, క్లావులానేట్ అదే 125. రెండు 375లు వేస్తే అమాక్సిసిలిన్ సరిపోతుంది కానీ క్లావులానేట్ 250 అవుతుంది. విరేచనాలు పట్టుకునేది దానివల్లే. పెద్దవయసు మగవాళ్లలో కొన్ని వారాల తర్వాత కామెర్లు వచ్చేదీ ఎక్కువగా దానివల్లే. 1 గ్రాము మాత్ర అంటే 875, 125. అది రెండు పూటలకు, మూడు పూటలకు కాదు. మార్చాలంటే డాక్టరుకు చెప్పి పూటలు కూడా మార్పించుకోవాలి. ఈ మాత్రలకు తేమ పడదు, కత్తిరించి విడిగా కాగితంలో చుట్టి ఇవ్వొద్దు. మింగే ముందే రేకు చింపమనండి.

సిరప్‌లకు మూడు రకాల జాగ్రత్త. ఆగ్మెంటిన్ పొడిలో కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి, ఊపి, నురగ దిగాక మళ్లీ గీతకు సరిచేయాలి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య, 7 రోజులు మాత్రమే. రంగు ముదిరితే పారేయాలి. ఎండాకాలం 42 దాటే మన ఊళ్లలో ఫ్రిజ్ లేని ఇంటికి ఆ సీసా ఇచ్చి లాభం లేదు. నీళ్లలో కరిగే మాత్ర రాయగలరా అని డాక్టరును అడగండి. అజిత్రోమైసిన్ సిరప్‌కు ఫ్రిజ్ అక్కర్లేదు, 30 డిగ్రీల లోపు నీడన ఉంటే చాలు. క్లారిత్రోమైసిన్ సిరప్‌ను మాత్రం ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చిక్కబడి చేదెక్కుతుంది, పిల్లలు ఉమ్మేస్తారు. రెండు సీసాలూ ఒకే ఇంటికి పోతుంటే దేని మీద ఏది రాయాలో పెన్నుతో పెద్దగా రాసివ్వండి: ఒకదానిపై "ఫ్రిజ్‌లో", ఇంకోదానిపై "బయట".